బోర్డు లేని తలుపు

బాపట్ల ఊరి చివర ఉన్న ఆ యూనివర్సిటీలో స్టూడెంట్స్ యూనియన్ బిల్డింగు ఉంది గానీ యూనియన్ లేదు. కాలేజీ ఎన్నికలు ఆగిపోయి మూడు దశాబ్దాలు దాటింది. ఆఖరుసారి గెలిచిన ప్రెసిడెంటు ఇప్పుడు తాతగారు. అయినా ఆ బిల్డింగుకి ఇంకో పేరు పెట్టినవాళ్లు లేరు. పెడదామని ఒకటి రెండుసార్లు మీటింగు జరిగింది కూడా. ఏ నాయకుడి పేరు పెట్టాలో తేలక, టీ తాగి లేచిపోయారట.

అది యూనివర్సిటీ కాక ముందు ఉత్త డిగ్రీ కాలేజీ. పిల్లలు కూర్చుని మాట్లాడుకోవడానికి ఓ చోటుండాలని చుట్టుపక్కల రైతులు బస్తాల లెక్కన ధాన్యం ఇచ్చి ఆ బిల్డింగు కట్టించారు. కాకుమాను వైపు నుంచి బళ్లు వరసగా వచ్చాయని పాతవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ముందు గోడకి శిలాఫలకాలు చాలానే ఉన్నాయి. శంకుస్థాపనకొకటి, ప్రారంభోత్సవానికొకటి, పై అంతస్తుకొకటి, జనరేటర్‌కొకటి. జనరేటర్ పాడై ఎప్పుడో తూకానికి పోయింది. దాని ఫలకానికి మాత్రం ఏటా సున్నం తుడిచి మెరుగు పెడతారు.

కింద ఆటల హాలు. అందులో టేబుల్ టెన్నిస్ బల్లలు, క్యారమ్స్, ఎప్పుడూ ఎవరో ఒకరు తిడుతూ ఉండే చదరంగం బల్ల. పక్కన పేపర్లు చదువుకునే గది, అటు చివర క్యాంటీను, జిరాక్స్ షాపు. పైన మీటింగు హాలు, ఎన్.ఎస్.ఎస్. ఆఫీసు. ఇవన్నీ కాక, ఆటల హాలు వెనక నైరుతి మూలన లేడీస్ వెయిటింగ్ రూమ్ ఉంది. ఓ మంచం, నిలువుటద్దం, చున్నీలు తగిలించుకునే కొక్కేలు, మంచినీళ్ల ఫిల్టరు, అన్నం డబ్బాలు పెట్టుకునే అరలు, రెండు బాత్‌రూములు, వాడేసిన ప్యాడ్లు కాల్చే చిన్న మిషను. ఆ గదికి అటెండరు సరోజ. పిల్లలందరికీ సరోజాంటీ.

సరోజది రేపల్లె. తండ్రి పొలం పనులకి వెళ్లేవాడు, ఆదివారం లూథరన్ గుళ్లో కానుకల సంచి పట్టేవాడు. వాళ్ల వీధిలో డిగ్రీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల ఆమే. పొద్దున్నే చెరుకుపల్లి మీదుగా వచ్చే బస్సెక్కి బాపట్లలో దిగేది. అప్పటికి ఈ గది లేదు. కాలేజీ మొత్తానికి ఆడపిల్లలకున్న బాత్‌రూము ఒక్కటే, ప్రిన్సిపాల్ గది వెనకాల. దానికి తాళం. తాళంచెవి మగ అటెండరు దగ్గర. ఆయన దగ్గరికెళ్లి నలుగురి ముందు చెయ్యి చాపాలి. అలా అడగలేక సరోజ ఇంటి దగ్గర బయలుదేరినప్పటి నుంచి మళ్లీ ఇంటికి చేరేదాకా నీళ్లు ముట్టేది కాదు.

రెండో సంవత్సరంలో ఒక రోజు కెమిస్ట్రీ ల్యాబులో ఉండగా బట్టలు పాడయ్యాయి. వెనక బల్ల వాళ్లు చూశారు. సంచి వెనక్కి పట్టుకుని నడిచి, బస్సులో సీటున్నా కూర్చోకుండా రేపల్లె దాకా నిలబడే వెళ్లింది. మళ్లీ కాలేజీ మొహం చూడలేదు. ఇంట్లో తలనొప్పని చెప్పింది. కొన్నాళ్లకి, చదువు తలకెక్కట్లేదంది. తండ్రి నమ్మాడు. అసలు సంగతి ఆయన పోయేదాకా ఆయనకి తెలియదు.

ఆ మరుసటేడు యూనియన్ వాళ్లు ఆడపిల్లలకి గది కావాలని సమ్మె చేశారు. ప్రెసిడెంటు హనుమాన్‌ప్రసాద్ గేటు ముందు నిరాహారదీక్షకి కూర్చున్నాడు. గది మంజూరైంది. సరోజ ఆ వార్తని రేపల్లెలో, అరుగు మీద కూర్చుని పేపర్లో చదివింది.

తర్వాత బాపట్లలో తాపీ మేస్త్రి ఆశీర్వాదంతో పెళ్లయింది. కూతురు షారోన్ పుట్టింది. ఆ గదికి ఆడమనిషి కావాలంటున్నారని గుళ్లో ఎవరో చెబితే వెళ్లి పనిలో చేరింది. ఏ గది లేక చదువు మానుకుందో ఆ గదికే కాపలా మనిషైంది. ఇలాంటివి ఎవరన్నా కథలో రాస్తే, మరీ ఇంత కుదిరిందా అంటాం. బతుకులో జరిగితే నోరు మూసుకుని ఊరుకుంటాం.

ఇక్కడ ఆ గది పద్ధతి ఒకటి చెప్పాలి. దానికి తలుపులు రెండు. ఒకటి ఆటల హాల్లోకి. దాని మీద మొదటి రోజు నుంచీ 'లేడీస్' అని పెద్దక్షరాల బోర్డుంది. ఆ తలుపుని ఆడపిల్లలు మొదటి వారంలోనే లోపల గడియ వేసేశారు, మళ్లీ తియ్యలేదు. రెండోది దక్షిణం వైపు, గోరింట పొదల వెనక, ఆకుపచ్చ రంగు తలుపు. అందరూ వచ్చేది, పోయేది దాంట్లోంచే. దాని మీద బోర్డు లేదు. బోర్డుంటే మగపిల్లలు అటువైపు సైకిళ్లు ఆపుకుని కబుర్లు మొదలెడతారని మొదటి బ్యాచ్ వాళ్లే వద్దన్నారు. కొత్తగా చేరిన పిల్లకి సీనియర్ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపిస్తుంది. తెనాలి నుంచి ప్యాసింజర్‌లో వచ్చేవాళ్లు, రేపల్లె బస్సులో వచ్చేవాళ్లు అక్కడే మొహం కడుక్కుని క్లాసుకెళ్తారు, మధ్యాహ్నం అక్కడే చాప వేసుకుని కూరలు పంచుకుంటారు.

మగవాళ్లెవరూ ఆ గదిలో అడుగు పెట్టలేదు. ప్రిన్సిపాళ్లు మారారు, తర్వాత వైస్ ఛాన్స్‌లర్లు మారారు. తనిఖీకి ఎవరొచ్చినా ఆటల హాల్లో నిలబడి బోర్డు చూసి, "లేడీస్ రూమ్ కదా, మనమెందుకు" అని మర్యాదగా వెళ్లిపోయేవారు. మంచి మర్యాదే, కాదనను. కొంప ముంచింది కూడా అదే.

హనుమాన్‌ప్రసాద్ గారికి ఇప్పుడు తెనాలిలో రైస్ మిల్లులున్నాయి. యూనివర్సిటీ పాలకమండలిలో మెంబరు. తను చదువుకున్న చోటు మీద ప్రేమతో యూనియన్ బిల్డింగుని బాగు చేయిస్తానని ముందుకొచ్చాడు. పైకప్పు కారకుండా చేయించాడు, క్యాంటీనుకి టైల్స్ వేయించాడు. అక్కడితో ఆగితే బాగుండేది. తెనాలి నుంచి ఓ వాస్తు సిద్ధాంతిని కూడా తీసుకొచ్చాడు. సిద్ధాంతి చుట్టూ తిరిగి, దక్షిణ నైరుతిలో ద్వారం ఉందని, అది ఉన్నచోట నాయకత్వం నిలవదని, యూనియన్ పోయింది అందువల్లేనని తేల్చాడు. ఎన్నికలు ఆపింది ప్రభుత్వమని అందరికీ తెలుసు. ప్రభుత్వం చేత ఆపించింది ఆ ఆకుపచ్చ తలుపేనని ఆ రోజే తెలిసింది.

"అదేం తలుపు?" అనడిగాడు హనుమాన్‌ప్రసాద్.

"ఏదో స్టోర్ రూమ్‌ది అనుకుంటానండి. బోర్డు కూడా లేదు" అన్నాడు ఇంజనీరు.

వేసవి సెలవులు. షారోన్ పురుడని సరోజ గుంటూరు వెళ్లి ఉంది. తిరిగొచ్చేసరికి ఆకుపచ్చ తలుపు లేదు. దాని స్థానంలో గోడ, గోడ మీద కొత్త సున్నం. గోరింట పొదలు కూడా కొట్టేశారు. ఎవరు కట్టారని వాకబు చేస్తే, కట్టింది తన మొగుడే.

"కాంట్రాక్టరు చూపించాడు, మూశాను" అన్నాడు ఆశీర్వాదం, కంచం ముందు కూర్చుని.

"అది నా గదయ్యా!"

"నీ గదికి బోర్డున్న తలుపు హాల్లో ఉంది కదే. నేనెప్పుడన్నా లోపలికొచ్చానా? ఫ్రేము ఊడదీస్తే లోపల పరదా కట్టుంది. ఎవరి సామానో ఏంటోనని పక్కకి జరపనైనా లేదు."

ఇన్నేళ్లుగా పెళ్లాం పనిచేసే గది లోపల ఎలా ఉంటుందో ఆయనకీ తెలియదు. సరోజ ఆ రాత్రి నుంచి ఆయనతో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది, కూర వేసేది, మాట మాత్రం ఉండేది కాదు. ఆశీర్వాదం ఇల్లంతా దగ్గుతూ తిరిగినా ఏమైందని అడిగేది కాదు.

కాలేజీ తెరిచారు. హాలు వైపు తలుపుకి ఏళ్లనాటి లోపలి గడియని బయట నుంచి ఊడగొట్టి తీశారు. గదిలోకి వెళ్లాలంటే ఇప్పుడు ఆటల హాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా నడవాలి. అక్కడ ఆడే మగపిల్లలు వెధవలేం కాదు. ఒకరో ఇద్దరో పాట అందుకుంటారు, మిగతావాళ్లు బంతి చేత్తో పట్టుకుని దారి ఇస్తారు. ఆట ఆపి దారి ఇస్తే హాలంతా నిశ్శబ్దమైపోతుంది. ఆ నిశ్శబ్దంలో ఒక ఆడపిల్ల చేతిలో చిన్న సంచి పట్టుకుని ఆ బోర్డు కింద తలుపు తోసుకుని వెళ్లాలి. ఎందుకు వెళ్తోందో అందరికీ తెలుస్తుంది. వర్షాలు మొదలయ్యేసరికి గదికి వచ్చేవాళ్లు దాదాపు ఆగిపోయారు. చాప చుట్టినది చుట్టినట్టే ఉంది. పిల్లలు మెట్ల మీద కూర్చుని అన్నం తింటున్నారు, నీళ్లు తాగడం తగ్గించేశారు.

సరోజ ఇంజనీరు దగ్గరికెళ్లింది. "సార్, ఆ తలుపు మళ్లీ పెట్టించండి" అంది.

"ఇంకో తలుపుంది కదమ్మా. బోర్డు కూడా ఉంది" అన్నాడాయన, చాలా ఓపికగా.

ఎందుకు కావాలో చెప్పడానికి ఆమెకి నోరు పెగల్లేదు. కొడుకు వయసువాడు. అవునండి అని వచ్చేసింది. వచ్చి మంచం మీద కూర్చుని తనని తాను తిట్టుకుంది.

అంతలో రేపల్లె నుంచి వచ్చే సాయి సుధ కనబడటం మానేసింది. బీఎస్సీ రెండో సంవత్సరం. చురుకైన పిల్ల, మాటకి ముందు నవ్వు. మొదట నెలలో కొన్ని రోజులు మానేది. తర్వాత వారాలు. హాజరు తగ్గిందని నోటీసు బోర్డులో పేరు వచ్చింది. చివరికి అసలే రావడం లేదని స్నేహితురాళ్లు చెప్పారు. రెండో సంవత్సరం, రేపల్లె అనగానే సరోజకి గుండెల్లో రాయి పడింది.

ఆదివారం గుడి అయిపోగానే బస్సెక్కి రేపల్లె వెళ్లింది. సాయి సుధ తండ్రి పున్నారావు చీరాల నుంచి చీరలు తెచ్చి బండి మీద ఊళ్లు తిరిగి అమ్ముతాడు. తల్లి చౌడేశ్వరి ఇంట్లోనే ఫాల్స్ కుడుతుంది. సరోజని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది.

"దానికి కడుపునొప్పి వదినా. డాక్టరు ఏం లేదన్నాడు. ఆ తిరుగుడు పడట్లేదంటోంది. పోనీలే, ఇంట్లో ఉండి దూరవిద్యలో కట్టుకుంటుందని ఈయన అంటున్నాడు" అంది చౌడేశ్వరి.

సాయి సుధ గుమ్మంలో నిలబడి గోడ వైపు చూస్తోంది. తల్లి లోపలికెళ్లగానే, "ఆ హాల్లోంచి నడవలేకపోతున్నా ఆంటీ. అమ్మకి చెబితే నాన్నకి చెబుతుంది. నాన్న కాలేజీకొచ్చి గొడవ పెడతాడు. అప్పుడు ఇంకా చచ్చిపోతా" అంది.

సరోజ ఆ పిల్ల తల మీద చెయ్యి వేసింది. తను తలనొప్పన్నది, ఈ పిల్ల కడుపునొప్పంది. మధ్యలో ఇన్నేళ్లు గడిచాయి, ఒక గది వచ్చింది, పోయింది.

"దూరవిద్యకి అప్పుడే కట్టొద్దమ్మా. కొన్నాళ్లు ఆగండి. నేను కబురు చేస్తాను" అని చౌడేశ్వరికి చెప్పి వచ్చేసింది. ఏం చూసుకుని అంత మాట ఇచ్చిందో, తిరుగు బస్సులో ఆమెకే తెలియలేదు.

వారం తిరక్కుండానే ఏ గది ఎవరికివ్వాలో తేల్చే కమిటీ వచ్చింది. రిజిస్ట్రారు, ఇంజనీరు, హనుమాన్‌ప్రసాద్ గారు. లేడీస్ రూమ్‌ని ఎవరూ వాడటం లేదు కాబట్టి ప్లేస్‌మెంట్ సెల్‌కి ఇవ్వాలని, సరోజని హాస్టల్ వంటశాలకి మార్చాలని ముందే అనుకున్నారు. చూసి సంతకాలు పెట్టడమే మిగిలింది. ఆటల హాల్లో బోర్డు ముందు ఆగారు. యథాప్రకారం ఎవరూ లోపలికి తొంగి చూడలేదు.

"వాడకం లేదండి" అన్నాడు ఇంజనీరు.

"లోపలికి రండి సార్" అంది సరోజ, తలుపు బార్లా తీసి.

"లేడీస్ రూమ్ కదమ్మా, మేమెందుకు?" అన్నాడు రిజిస్ట్రారు.

"అందరూ ఇదే మాట అనబట్టి ఇలా అయిందండి. ఒక్కసారి రండి. లోపల పిల్లలెవరూ లేరు. రారు కూడా."

హనుమాన్‌ప్రసాద్ ముందు కదిలాడు. బయటే చెప్పులు విడిచాడు, పూజగదిలోకి వెళ్తున్నట్టు. లోపల కొక్కేలు, అద్దం, ఖాళీ అరలు చూశాడు. పరదా ఇంకా అలాగే వేలాడుతోంది. సరోజ దాన్ని పక్కకి లాగింది. వెనకాల ఇటుకల గోడ.

"ఇదేంటి?"

"మీరు మూయించిన తలుపండి. పిల్లలందరూ దీంట్లోంచే వచ్చేవాళ్లు. ఇప్పుడు మీరు నడిచొచ్చిన దారిన రావాలి. మీరు వస్తుంటే కుర్రాళ్లు ఆట ఆపి చూశారు కదండి. మీకెలా అనిపించింది?"

హనుమాన్‌ప్రసాద్ ఆమె వైపు తిరిగి, "ఈ గది తెచ్చింది నేనమ్మా. దీనికోసం దీక్ష చేశాను" అన్నాడు. గొంతులో కోపం లేదు, చిన్నబుచ్చుకోవడం ఉంది.

"తెలుసండి. పేపర్లో చదివాను. అప్పటికి నేను చదువు మానేసి ఇంట్లో ఉన్నాను" అంది సరోజ. ఇక ఆపుకోలేదు. "మీ జూనియర్‌నండి నేను. బీఎస్సీ రెండో సంవత్సరం. ల్యాబులో నా బట్టలు పాడైతే, కడుక్కోవడానికి చోటు లేక, రేపల్లె దాకా బస్సులో నిలబడి వెళ్లాను. సిగ్గుతో మళ్లీ రాలేదు. మీరు సమ్మె చేశారు, గది వచ్చింది, నాకు అందలేదు. సరే, నా తలరాత అనుకున్నాను. ఇప్పుడు అదే రేపల్లె నుంచి, అదే రెండో సంవత్సరం పిల్ల, అదే సిగ్గుతో ఇంట్లో కూర్చుంది. ఇది కూడా తలరాతేనంటారా? ఈ గోడ మొన్న వేసవిలో కట్టారండి."

ఆ సంగతి ఆమె మొగుడికి కూడా ఎప్పుడూ చెప్పలేదు. రిజిస్ట్రారు సంతకం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

హనుమాన్‌ప్రసాద్ ఆ ఇటుకల మీద చెయ్యి వేసి చూశాడు. తర్వాత ఫోను తీసి సిద్ధాంతికి కలిపాడు. మనిషి కదిలిపోయాడన్నది నిజం, వాస్తు భయం పోలేదన్నదీ నిజం.

"ద్వారం కుదరదంటారు. కిటికీ పెట్టుకోవచ్చా? గడప ఉండదు. ఊరికే గాలి కోసం."

గడప లేకపోతే అది ద్వారం కిందికి రాదని, కిటికీకి దోషం లేదని అవతల నుంచి సమాధానం వచ్చింది. కిటికీ ఎంత ఎత్తని ఆయన అడగలేదు, ఈయన చెప్పలేదు. ఫోను పెట్టేసి ఇంజనీరుతో, "నేల దాకా కిటికీ పెట్టించండి. మనిషెత్తు. రెక్కలకి లోపల గడియ ఉండాలి. ఆ హాలు వైపు తలుపుకి తాళం వెయ్యండి. గోరింట మళ్లీ నాటించండి" అన్నాడు. వెళ్తూ సరోజ ముందు ఆగాడు. "నిన్ను నేను చూసే ఉంటానమ్మా. గుర్తు లేదు" అన్నాడు.

"గుర్తుండేంత కాలం నేను లేనుగా అండి" అంది సరోజ.

మర్నాడు గోడ కొట్టడానికి ఆశీర్వాదమే వచ్చాడు. భార్య ఏం చెప్పిందో క్యాంపస్ అంతా తిరిగి అప్పటికే ఆయన చెవిన పడింది. ఏమీ అడగలేదు. మొదటి దెబ్బకే ఇటుకలు రాలుతుంటే, "సిమెంటు పలచగానే వేశాన్లే" అన్నాడు, అది కూడా తన మంచితనమే అన్నట్టు. చాలా రోజుల తర్వాత సరోజ ఆయనతో మాట్లాడింది. "నోరు మూసుకుని కానీ" అంది. ఆశీర్వాదం మొహం వెలిగింది.

ఆఫీసు డ్రాయింగులో అది ఈనాటికీ కిటికీయే. రంగు మళ్లీ ఆకుపచ్చే వేశారు. బోర్డు పెట్టమంటారా అని ఇంజనీరు అడిగితే వద్దండి అంది సరోజ. తెనాలి పిల్లలు ముందు వచ్చారు. ఒకరి వెనక ఒకరు కిటికీలోంచి నడిచొచ్చి, నవ్వుకుని, చాప పరిచారు. రేపల్లెకి కబురు వెళ్లింది. సాయి సుధ మాత్రం ఆ రోజు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. దూరవిద్యకి కట్టేశారేమోనని సరోజకి అన్నం సహించలేదు.

సోమవారం ఆశీర్వాదం బయట కూర్చుని కిటికీ అంచుకి సిమెంటు మెత్తుతున్నాడు. రేపల్లె బస్సు వచ్చి వెళ్లిన చప్పుడైంది. కాసేపటికి చౌడేశ్వరి, వెనకాల సాయి సుధ వచ్చారు. చౌడేశ్వరి గదిలోకొచ్చి మంచం చూసింది, అద్దం చూసింది, బాత్‌రూము తలుపు తీసి కొళాయి తిప్పి చూసింది. "అంతా చెప్పింది వదినా. ముందే చెప్పొచ్చుగా అంటే ఏడ్చింది" అంది. పున్నారావు గారు ఫీజు కట్టారని, హాజరు కోసం బతిమాలుకుంటూ ఆఫీసు దగ్గరున్నారని చెప్పి, తనూ అటు వెళ్లింది.

సాయి సుధ అన్నం డబ్బా అరలో పెట్టింది. మొహం, కాళ్లు కడుక్కుని అద్దం ముందు చున్నీ సర్దుకుంది. "బెల్లయిపోయిందా ఆంటీ?" అంది.

"ఇంకా లేదమ్మా. వెళ్లు, అందుకుంటావ్" అంది సరోజ.

ఆ పిల్ల పరుగెత్తుకుంటూ వెళ్లిపోయింది. సరోజ మంచం మీద కూర్చుని చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. బయట నుంచి ఆశీర్వాదం తాపీ ఆపి, "అదేంటే, వచ్చిందిగా పిల్ల! ఇంకెందుకు ఏడుస్తున్నావ్?" అన్నాడు.

"అప్పుడీ గది ఉండుంటే, నేనూ ఇలాగే వచ్చి, మొహం కడుక్కుని క్లాసుకెళ్లేదాన్ని కదయ్యా" అంది సరోజ.